బిడ్డ ఒద్దంటా ఉండాడు

యానాదులకు పిల్లల్ని పెంచడం చేతగాదు. సూళ్లూరుపేట చుట్టుపక్కల ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. బడిపంతుళ్లు చెబుతారు, ఆస్పత్రి నర్సులు చెబుతారు, చేను కావలికి యానాదిని పెట్టుకున్న రైతులూ చెబుతారు. అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా ఉన్నన్నాళ్లూ మీటింగుల్లో నేనూ వింటూనే వచ్చాను. రుజువులు సిద్ధంగా ఉంటాయి. బిడ్డ బడికి పోనంటే పంపరు. మందు మింగనంటే ముక్కు మూసి పొయ్యరు. ఐదేళ్ల పిల్లాడు కత్తి పట్టుకుని ఈతమట్ట చెక్కుతుంటే లాక్కోరు. ఇదేమమ్మా అని అడిగితే తల్లి చెప్పే జవాబు ఒకటే: "బిడ్డ ఒద్దంటా ఉండాడు మా, ఏం జేసేది?"

రిటైరయ్యాక తీరిక దొరికింది. నెల్లూరు జిల్లా పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే ఈ ఆరోపణ చాలా పాతదని తెలిసొచ్చింది. అన్నవాళ్లు మారుతూ వచ్చారు. మొదట దొరలు, తర్వాత మిషనరీలు, తర్వాత సంస్కర్తలు, చివరికి మాలాంటి జీతగాళ్లం. అందరం యానాది బిడ్డను వాళ్ల అమ్మానాన్నల నుంచే కాపాడాలనుకున్నాం. ఆ బిడ్డను వాళ్లెలా పెంచుతున్నారో కూర్చుని చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ఇదంతా మొదలయింది శ్రీహరికోటలో. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఇసుక మీద పొడుగ్గా పడుకున్న దీవి అది. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది గానీ, మా నోటికి ఇంకా నెల్లూరనే వస్తుంది. 1835లో మద్రాసు ప్రభుత్వం దీవిని నేరుగా తన చేతిలోకి తీసుకునేనాటికి అక్కడి అడవి యానాదులది. పట్టాలేమీ లేవు, ఉన్నది వాళ్లు. సర్కారుకు కావలసింది అడవి సరుకు: తేనె, మైనం, కుంకుళ్లు, ముషిణి గింజలు, సుగంధిపాల, చింతపండు, అన్నిటికీ మించి చిరివేరు. ఈ తీరంలో అద్దకం బట్టలకు ఎరుపు తెచ్చిపెట్టిన వేరది. కూలికి డబ్బులిస్తామంటే యానాదులకు వాటితో పని పడలేదు. తిండిగింజలు, బట్ట, పొగాకు ఇచ్చి సరుకు తెప్పించుకున్నారు. తర్వాత్తర్వాత దీవి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి పోయాయి.

పెద్దవాళ్ల మీద దొరల ఫిర్యాదు, రేపటికి దాచుకోరని. ఇవాళ తినడానికి దొరికితే రేపు పనికి రారు. అలాంటివాళ్ల పిల్లలకు క్రమశిక్షణ ఎవరు నేర్పుతారు? బడి పెట్టి చూశారు. బడి అయితే వచ్చింది గానీ, బడి కోరిన బిడ్డ మాత్రం తయారవలేదు.

1901లో మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో టి. రంగారావు నెల్లూరు జిల్లా యానాదుల మీద ఒక వ్యాసం వేశాడు. అదే మ్యూజియానికి సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన కులాలు-తెగల గ్రంథంలో చివరి సంపుటం తెరిస్తే యానాదులు కనిపిస్తారు. మంచి యానాదులు, అడవి యానాదులు, చల్లా యానాదులు అని తేడాలు, చెంచుదేవుడి పూజలు, మూలికలు, ఎలుకల వేట, అన్నీ ఓపిగ్గా రాసిపెట్టాడు. ముక్కు వెడల్పు కూడా కొలిచాడు. పిల్లల పెంపకానికి ఆ ముక్కులకు దొరికినంత గౌరవం దొరకలేదని నా ఫిర్యాదు. చంటిబిడ్డను ఎవరెత్తుకుంటారు, ఏడిస్తే ఎవరు పరిగెత్తుతారు, అలిగితే ఎవరు బుజ్జగిస్తారు అని ఆనాడే ఎవరైనా వరసగా రాసి ఉంటే ఇవాళ ఈ వ్యాసంతో పని ఉండేది కాదు.

అది రాసిపెట్టినవాళ్లు లేరు కాబట్టి నేను చూసింది చెబుతాను. నేను చూసింది దీవి గేటుకు ఇవతల, సరస్సు ఒడ్డు కాలనీల్లో, ఆ అడవి పోయి చాలా ఏళ్లయ్యాక. అయినా పెంపకం అంత తొందరగా మారే వస్తువు కాదు.

పులికాట్‌లో వేటకు హద్దులున్నాయి. ఏ కుప్పంవాళ్లు ఏ రోజు ఎక్కడ వల వెయ్యాలో వంతులు కట్టుకుని ఉంటారు. దాన్ని పాడు అంటారు. వల వేసే పట్టపు కులంవాళ్లకు పాడు ఉంది, యానాదికి లేదు. అందుకని యానాది ఆడవాళ్లు లోతులేని చోట నీళ్లలో వంగి, బురదను చేతుల్తో తడుముతూ రొయ్యలు పడతారు. తల్లి నీళ్లలో ఉన్నంతసేపూ చంటిది కరకట్ట మీద అక్క చంకలో ఉంటుంది. ఆ అక్కకు ఏడో ఎనిమిదో. ఆరేళ్లవాళ్లు తల్లి పక్కనే నీళ్లలో తడుముతుంటారు. ఎలా పట్టాలో ఎవరూ పాఠం చెప్పరు. ముల్లు గుచ్చుకుంటే గుచ్చుకుంటుంది. దొరికిన రొయ్య పిల్లదైతే పిల్లదే. అది తన చిన్న డబ్బాలో వేసుకుని సాయంత్రం కాల్చుకుంటుంది, తమ్ముడికి సగం పెడుతుంది. పెట్టమని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

వరి కోతలయ్యాక ఎలుకల వేట చూడాలి. బొరియ నోటికి కుండ పెట్టి, లోపల గడ్డి అంటించి తండ్రి పొగ ఊదుతాడు. ఎలుక ఇంకో దారిన పారిపోకుండా మిగతా బొక్కలు కాచేది పిల్లలు. ఒక్కోడికి ఒక్కో బొక్క. నాలుగేళ్లవాడికీ ఒకటి ఇస్తారు, అదీ నిజమైన బొక్కే. వాడి బొక్కలోంచి ఎలుక పారిపోతే అందరూ నవ్వుతారు. అంతకు మించి శిక్ష లేదు. తవ్వితే ఎలుక దాచుకున్న వడ్లు దొరుకుతాయి, అవి ఆ పూటకు గంజి. కయ్య ఆసామికి ఎలుకల పీడ వదులుతుంది, యానాదికి కూడూ కూరా దొరుకుతాయి, పిల్లాడికి ఇంట్లో తన పనేమిటో తెలుస్తుంది.

కోపం వస్తే ఏం చేస్తారన్నది నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. మా ఇళ్లలో పిల్లాడు అలిగితే రెండే దారులు: బతిమాలడం, లేదా రెండు వెయ్యడం. యానాది బిడ్డ అలిగితే పక్క గుడిసెకు పోతాడు. అవ్వ ఇంటికో, పిన్ని ఇంటికో. అక్కడే తింటాడు, అక్కడే పడుకుంటాడు. తల్లి వెతుక్కుంటూ పోదు, వాళ్లూ "మీ అమ్మేమనింది" అని కూపీ లాగరు. కోపం దిగాక వాడే వస్తాడు. పెద్దవాళ్లదీ అదే పద్ధతి, గొడవ వస్తే మూటాముల్లె సర్దుకుని ఇంకో కాలనీకి పోతారు. దొరలు దీన్ని నిలకడలేనితనం అన్నారు.

దొరలు ఆ మాటన్న కాలంలో దీవికి ఇవతల మా ఊళ్లలో పెంపకం ఎలా ఉండేది? వీధిబడి అరుగు మీద కోదండం వేసేవారు. దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లాడు వేలాడాలి, చెయ్యి జారితే కింద బెత్తం. గోడకుర్చీ, తొడపాశం, గుంజీళ్లు, వీటికి పేర్లు పెట్టుకుని మరీ కొట్టుకున్నాం. ఐదేళ్లదాకా ముద్దు, తర్వాత పదేళ్లు దెబ్బలు అని పెద్దలు లెక్క చెప్పారు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని సామెత కట్టారు. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. ఇంటి దూలం సందులో చింతబరికె ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని వాడిన రోజులకంటే దానివైపు చూసిన రోజులే ఎక్కువ. ఊళ్లో ఆయనకు మంచి పేరు, "పిల్లల్ని భయంలో పెట్టాడు" అని. యానాది తండ్రికి ఊళ్లో మంచి పేరు రాకపోవడానికి కారణం నాకు అప్పుడు తెలియలేదు, చిన్నదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది.

తేడా ఎందుకొచ్చిందో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 1959లో వెతికారు. హెర్బర్ట్ బారీ, ఇర్విన్ చైల్డ్, మార్గరెట్ బేకన్. ప్రపంచంలో వందకు పైగా సమాజాల వివరాలు పోగేసి, తిండి సంపాదించుకునే తీరుకూ పిల్లల్ని పెంచే తీరుకూ లంకె ఉందా అని చూశారు. ఉందని తేలింది. పంట పండించి గాదెల్లో పోసుకునేవాళ్లు, మందలు మేపేవాళ్లు పిల్లలకు మాట వినడం, బాధ్యత నేర్పుతారు. వేటాడి, చేపలు పట్టి, ఏరుకుని బతికేవాళ్లు సొంతంగా నిలబడడం నేర్పుతారు. గాదె ఉన్నవాడికి ఈ ఏడు చేసిన తప్పు వచ్చే ఏడుదాకా కొడుతుంది, చెప్పినట్టు వినే కొడుకు కావాలి. రోజుకారోజు వెతుక్కునేవాడికి వెతకడం తెలిసిన కొడుకు కావాలి. రేపటికి దాచుకోరు అన్న ఫిర్యాదూ, పిల్లల్ని భయంలో పెట్టరు అన్న ఫిర్యాదూ నిజానికి ఒకే ఫిర్యాదని అది చదివాక నాకనిపించింది.

మా ట్రైనింగుల్లో మరో పేరు చెబుతారు, డయానా బామ్‌రిండ్. 1960లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో నర్సరీ పిల్లల్ని గమనించి పెంపకాన్ని మూడు రకాలు చేసింది. అదుపే తప్ప ఆప్యాయత చూపనిది ఒకటి, ఆప్యాయతా ఉండి హద్దులూ చెప్పేది ఒకటి, హద్దుల్లేని గారాబం ఒకటి. 1983లో ఎలియనార్ మాకోబీ, జాన్ మార్టిన్ నాలుగోది కలిపారు, అసలు పట్టించుకోనిది. రెండో రకం మంచిదని స్లైడు మీద టిక్కు పెట్టి చూపిస్తారు. ఆ ట్రైనింగులో ఒక కుర్ర ఆఫీసరు యానాదుల్ని మూడో గడిలో వెయ్యాలా నాలుగో గడిలో వెయ్యాలా అని మమ్మల్నే అడిగాడు.

రెండింట్లోనూ పట్టరు. బామ్‌రిండ్ చూసిన గారాబం పిల్లలు సొంత కాళ్ల మీద నిలబడలేకపోయారు, తమను తాము అదుపు చేసుకోలేకపోయారు. యానాది ఆరేళ్ల పిల్ల తమ్ముణ్ని చంకనేసుకుని, పొయ్యి మీద సట్టి దించి, వచ్చిన చుట్టానికి నీళ్లిస్తుంది. బర్క్‌లీ ఇంట్లో తల్లి హద్దు చెప్పకపోతే చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు. ఇక్కడ నీటి లోతు చెబుతుంది, పాముపుట్ట చెబుతుంది, అక్క చెబుతుంది, తమ్ముడి ఆకలి చెబుతుంది. తల్లి నోరు మెదపదు గనుక హద్దులే లేవని మనం రాసుకున్నాం.

ఇదంతా బంగారమని చెప్పబోవడం లేదు. పాముకాటుకు పోయిన పిల్లలున్నారు. తాగొచ్చి కొట్టే తండ్రులున్నారు. కాన్పులో పోయిన తల్లుల బిడ్డల్ని అవ్వలు గంజితో సాకిన ఇళ్లకు నేనే పౌడరు పాకెట్లు మోసుకెళ్లాను. ఆసామి దగ్గర తీసుకున్న అప్పు కింద పిల్లాణ్ని పసులకాపరిగా జీతానికి పెట్టడం ఈ జిల్లాలో మామూలు సంగతిగా ఉండేది. వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చాక కూడా అది ఒక్కసారిగా ఆగలేదు. ఎనిమిదేళ్లవాడు తెల్లారకముందే కొట్టంలో పేడ ఎత్తుతుంటే వాడి స్వేచ్ఛ గురించి ఏం మాట్లాడతాం? కానీ గమనించండి, చాలాసార్లు ఆ పిల్లాడు దెబ్బ రుచి మొదట చూసేది అక్కడే, ఆసామి కొట్టంలో.

ఇప్పుడు ఈ కథలో చేదైన భాగానికి రావాలి.

నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన పుట్టింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజ్యానికీ తెచ్చారు. పుట్టిన కులాన్ని బట్టి నేరస్థుడని ముద్ర వేసే చట్టమని అందరికీ తెలుసు. అందులో 17వ సెక్షను గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ముద్ర పడిన తెగల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, తీసుకుపోయి, ప్రభుత్వం పెట్టిన బడుల్లో ఉంచవచ్చని ఆ సెక్షను అధికారమిచ్చింది. పిల్లలంటే ఎవరు? ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండనివాళ్లు. ఆరేళ్లంటే తండ్రి వెంట ఎలుకల బొరియ దగ్గర కూర్చునే వయసు, తల్లి పక్కన నీళ్లలో దిగే వయసు. పుట్టిన బిడ్డ నేరస్థుడు కాదు, పెంపకం వల్లే అవుతాడు, అందుకని పెంపకం నుంచి తప్పించాలి అన్నది తర్కం. వినడానికి ఉదారంగా కూడా ఉంటుంది.

ఆ చట్టం కింద మా జిల్లాలో సెటిల్మెంట్లు వెలిశాయి. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ బాడెన్ నడిపిన సెటిల్మెంటులో ఎక్కువమంది ఎరుకలవాళ్లు. యానాదుల కోసం కప్పరాళ్లతిప్ప. హాజరు పిలుపులు, అనుమతి లేనిదే ఊరు దాటకూడదన్న కట్టడి. రాత్రిపూట అడవిలో తిరగడం బతుకుతెరువైనవాళ్లకు రాత్రిపూట కదలడమే నేరమైంది. పెద్దవాళ్లను ఇలా కట్టేస్తే పిల్లలకు నేర్పడానికి వాళ్ల దగ్గర మిగిలిందేముంది?

ఇలా ఆలోచించింది మద్రాసు ప్రభుత్వమొక్కటే కాదు. కెనడా 1920లో ఆదివాసీ పిల్లలకు రెసిడెన్షియల్ బడులు తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియాలో పిల్లల్ని తల్లుల ఒళ్లోంచి పట్టుకుపోయారు. ఆ రెండు దేశాల ప్రధానులూ 2008లో పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పారు. కప్పరాళ్లతిప్పకు అలాంటి మాట ఎవరైనా చెప్పినట్టు నేనెక్కడా చదవలేదు.

1939 చివర్లో మరియా మాంటిసోరి అడయారు వచ్చింది. థియొసాఫికల్ సొసైటీ ఆవరణలో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి 1946లో గానీ తిరిగి వెళ్లలేదు. బిడ్డ తన పని తానే ఎంచుకుంటుంది, నిజమైన వస్తువులతో నిజమైన పని చేస్తుంది, పెద్దవాళ్లు అడ్డు రాకూడదు, పెద్దపిల్లల్ని చూసి చిన్నపిల్లలు నేర్చుకుంటారు. ఇవి ఆవిడ పాఠాలు. మద్రాసు పెద్దింటి ఆడవాళ్లు నోటుపుస్తకాలు పట్టుకుని నేర్చుకున్నారు. అడయారు నుంచి కావలికి రైల్లో ఒక పూట ప్రయాణం. నిజమైన కత్తితో ఈతమట్ట చెక్కే పిల్లవాడి అమ్మానాన్నలు ఆ ఏడు కూడా పోలీసు హాజరు పలుకుతూనే ఉన్నారు.

1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంగ్లండు వైద్యుడు జాన్ బౌల్బీ చేత ఒక నివేదిక రాయించింది. ఇల్లూవాకిలీ లేని పిల్లల గురించి. చిన్నతనంలో తల్లి నుంచి, తల్లిలాంటి మనిషి నుంచి విడిపోయిన బిడ్డ మనసుకు తగిలే గాయం ఎంత లోతో అందులో చెప్పాడు. సంస్థ ఎంత శుభ్రంగా ఉన్నా ఇంటికి సాటి రాదన్నాడు. తర్వాతివాళ్లు అందులో కొన్ని సంగతులు సవరించారు, తల్లి ఒక్కతే కానక్కర్లేదు, అవ్వలూ అక్కలూ కూడా ఆ చోటు నింపగలరని చూపారు. యానాది గుడిసెల్లో ఆ సవరణ ముందునుంచే అమల్లో ఉంది. నివేదిక వచ్చిన మరుసటి ఏడు, 1952 ఆగస్టు 31న, నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయింది. రెండింటికీ సంబంధం లేదు. చట్టాన్ని ఆపింది శాస్త్రం కాదు, రాజకీయం.

ఆ రాజకీయం నడిపినవాళ్లలో మా వెన్నెలకంటి రాఘవయ్య ఒకడు. నెల్లూరు వకీలు. 1920ల నుంచి యానాదుల పని మీద తిరిగాడు, వాళ్లకు సంఘం కట్టాడు, ముద్ర తీయించడానికి పోరాడాడు. 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. ఆయనంటే నాకు గౌరవం, పేరు వినగానే చేతులెత్తి మొక్కే ముసలివాళ్లను చూశాను. అయినా ఆయన తరం సంస్కర్తలకు కూడా బిడ్డ బాగుపడాలంటే హాస్టలే దారి. చదువు కావాలి, నిజమే. చదువుకు ఇల్లు వదలాలన్నది మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

తర్వాత దీవి. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు దగ్గర, జనం పలచన, రాకెట్లకు ఇంతకన్నా మంచి చోటు దొరకదని 1969లో శ్రీహరికోటను ఎంచుకున్నారు. నలభై మూడు వేల ఎకరాల పైచిలుకు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 లేచింది. జనం పలచన అన్న ఆ మాటలో ఉన్నది యానాదులే. ఊళ్లు ఖాళీ అయ్యాయి. పట్టా ఉన్నవాడికి పరిహారానికి లెక్క ఉంటుంది, అడవి మీద బతికినవాడికి ఏ లెక్క కడతారు? కొందరు దీవిలోనే కూలిపని చేసుకుంటూ కాలనీల్లో ఉండిపోయారు. మిగతావాళ్లు సరస్సు దాటి ఇవతలికి వచ్చారు.

వాళ్ల గురించి పట్టించుకున్నవాళ్లు లేరనడం అన్యాయం. ఇస్రో మానవశాస్త్రవేత్త బినోద్ అగ్రవాల్, గురివిరెడ్డి, సుధాకరరావులతో కలిసి దీవి యానాదుల మధ్య పనిచేసి 1980లలో పుస్తకం వేశాడు. మార్పుకు యానాదులు ఎలా స్పందించారన్నది దాని విషయం. సుధాకరరావు ఆ తర్వాత కూడా వాళ్లను వదలకుండా రాశాడు. ముక్కులు కొలిచిన రోజుల నుంచి చాలా దూరమే వచ్చాం. ఉద్యోగుల పిల్లలకు దీవిలోనే స్పేస్ సెంట్రల్ స్కూలు వెలసింది. రాకెట్టు లేచేరోజు సరస్సు ఒడ్డున యానాది పిల్లలు కూడా చప్పట్లు కొడతారు, మా పిల్లల్లాగే. అందులో నాకు వెటకారమేమీ లేదు, బాగుంటుంది చూడ్డానికి.

అడవి పోయాక పెంపకంలో ఏం పోయింది? నేర్పడానికి చోటు పోయింది. తండ్రి వెంట తిరగడానికి తండ్రికే తిరిగే చోటు లేదు. రొయ్యల చెరువులొచ్చాక కాపలా పని దొరికింది గానీ, ఆ గట్టు మీదికి పిల్లల్ని రానివ్వరు. "ఒద్దంటే ఒద్దు" అనే స్వేచ్ఛ మిగిలింది, ఆ స్వేచ్ఛను నిలబెట్టిన పని మిగల్లేదు. ఇవాళ కాలనీలో రోజంతా ఊరికే తిరిగే పన్నెండేళ్లవాణ్ని చూపించి ఇదీ యానాది పెంపకం అనేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. నేను ఆ బండిలో చాలా వెనకాల ఎక్కినదాన్ని. మా దగ్గర పిల్లలకు మదింపు కార్డులుంటాయి. సామాజిక వికాసం, భావోద్వేగ వికాసం అని గడులు. పేరు పిలిస్తే లేచి నిలబడి గేయం చెప్పిన బిడ్డకు టిక్కు. యానాది పిల్లలు లేవరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తెలియక కాదు, నలుగురిలో తనొక్కడే లేచి గొప్ప చూపించుకోవడం వాళ్ల ఇంట్లో ఎవరూ నేర్పలేదు. అదే పిల్లవాడు అన్నం దగ్గర తన గుడ్డు సగం చేసి పక్కవాడికి పెడతాడు, చిన్నవాడి చేతులు కడిగి తీసుకొస్తాడు. దానికి కార్డులో గడి లేదు. వికాసం తక్కువ అని రాసిన కార్డులు కట్టలు కట్టి నేనే పైకి పంపించాను, ఎదురు నోట్ జత చేసి. నోట్లు చదివిన దాఖలా లేదు.

2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. చిత్రమేమంటే అదీ 17వ సెక్షనే. తొంభై ఎనిమిదేళ్ల తేడాలో ఒక 17 బిడ్డను యానాది తల్లి దగ్గర నుంచి లాక్కోవచ్చంది, ఇంకో 17 యానాది తల్లి చేసినట్టు చెయ్యమని పంతుళ్లకు చెప్పింది. పంతుళ్లు చాలామంది ఇప్పటికీ దాన్ని వింత సంగతిలాగే చూస్తారు. కొట్టకపోతే ఎలా మేడమ్ అంటారు. కొట్టకుండా ఎలాగో కనుక్కోవాలంటే బడి వెనకే కాలనీ ఉంది. పోయి అడిగినవాళ్లు లేరు.

హాస్టళ్లు ఇంకా ఉన్నాయి. బలవంతమేమీ లేదు, దరఖాస్తు పెట్టుకుంటేనే. తిండి బాగుంటుంది, చదువుకుని ఉద్యోగాలకు వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను చూస్తే సంతోషం. కానీ ఎనిమిది, తొమ్మిదేళ్ల బిడ్డను చేర్చేటప్పుడు తల్లులడిగేది సీటు గురించి కాదు, "రాత్రిళ్లు పక్కన ఎవురు పడుకుంటారు మా?" అని. పండగకు ఇంటికొచ్చినవాడు తిరిగి పోనంటే మళ్లీ ఆ మాటే, బిడ్డ ఒద్దంటా ఉండాడు. రిజిస్టరులో డ్రాపవుట్.

సరస్సు ఒడ్డున ఒక సెంటరులో మాత్రం హాజరు బాగుండేది. అక్కడ ఆయా కాలనీ మనిషే, యానాది. ఆవిడ చేసిన కిటుకల్లా ఒకటే. మూడేళ్లవాడు అక్క చంక దిగనంటే అక్కనూ లోపలికి రానిచ్చింది. రూలు ప్రకారం సెంటరు ఆరేళ్ల లోపు పిల్లలకే, అక్కకేమో ఎనిమిది. బడికి పంపవమ్మా అంటే, తమ్ముడు కుదురుకున్నాక పోతుందిలే మా అనింది. మూడు నెలలకు తమ్ముడు కుదురుకున్నాడు, అక్క బడికి పోయింది, ఇంకో ఇంటి అక్క ఇంకో తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చింది. అక్కలందరికీ అన్నం పెట్టారు. తనిఖీకి వచ్చినాయన పిల్లల సంఖ్యకూ కడిగిన పళ్లేల సంఖ్యకూ తేడా ఉందేమని అడిగాడు. గుడ్డు పెంకులు కూడా లెక్కపెట్టించాడు. ఎక్కువ వచ్చిన గుడ్లు ఆయా ఇంటి కోళ్లవి. ఆ మాటే జవాబులో రాసి సంతకం పెట్టాను. రసీదు లేదని తిప్పి పంపారు.